ధూల్‌పేట్‌లో మిగిలిపోయిన రెండు చుక్కలు

హైదరాబాద్ వెళ్ళొచ్చానంటే మా అనకాపల్లిలో మొదట అడిగేది బిర్యానీ తిన్నావా అని, తర్వాత చార్మినార్ ఎక్కావా అని. నేను రెండూ చెయ్యలేదు. నాలుగు రోజులు పాతబస్తీలోనే ఉండి, చార్మినార్‌ని ఆటోలోంచి రెండుసార్లు చూసి వచ్చేశాను. ఈ మాట విన్నవాళ్ళు నన్ను జాలిగా చూస్తున్నారు. ఎదురైన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి ఒక్కసారే రాసి పడేస్తున్నాను. చదివాక కూడా బిర్యానీ గురించి అడిగితే మాత్రం ఊరుకోను.

నేను రిటైరైన డ్రాయింగు టీచర్ని. ఎనభైల చివర్లో హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీలో చదివాను. ఆఖరి సంవత్సరం రాష్ట్ర పోటీలో నా తైలవర్ణ చిత్రానికి బంగారు పతకం వచ్చింది. తెల్లటి వినాయకుడి విగ్రహాల మధ్య గోనెసంచి మీద కూర్చున్న ముసలామె బొమ్మ అది. పేరు ‘లోచూపు’. ఆ పతకం చూపించే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, బడిలో డ్రిల్లు పీరియడు కూడా నా నెత్తినే. మళ్ళీ ఎవరూ గుర్తు పెట్టుకునేంత బొమ్మ ఒక్కటీ వెయ్యలేదు.

మొన్న వేసవిలో మాధవి అనే అమ్మాయి ఫోన్ చేసింది. నాకు పతకం వచ్చిన ఆ ఒక్క ఏడాదిలో హైదరాబాద్‌లో వేసిన బొమ్మలన్నీ ఒకచోట చేర్చి, దబీర్‌పురాలో ఒక పాత దేవిడీలో ప్రదర్శన పెడుతోందట. ‘లోచూపు’ పంపించమంది. మా ఇంట్లో బీరువా పక్కన వేలాడుతున్న బొమ్మని దుప్పట్లో చుట్టి ట్రాన్స్‌పోర్టులో వేశాను. బొమ్మ ఎలా వేశారో అరపేజీ రాయండి, పక్కన పెడతాను అని కూడా అంది. సరేనని కాగితం ముందు కూర్చున్నాను. రాయలేకపోయాను.

ఎందుకంటే ఆ బొమ్మలో అందరూ మెచ్చుకున్నవి కళ్ళు. ఆ కళ్ళు వేసింది నేను కాదు. ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలకు రంగులేసే సత్తెమ్మ అనే ఆమె వేసింది. ముప్ఫై అయిదేళ్ళ పైమాట, మా ఆయనక్కూడా చెప్పలేదు. అబద్ధం ఆడలేదు, ఎవరూ అడగలేదు, అంతే. ఈసారి అడిగారు. అందుకని ప్రదర్శనకి మూడు రోజుల ముందే బయల్దేరాను. సత్తెమ్మ బతికుంటే ఆమె పేరు నా పేరు పక్కన రాయించాలి, లేకపోతే ఆమె పిల్లలనైనా అడగాలి.

దబీర్‌పురా స్టేషన్

సికింద్రాబాద్‌లో లోకల్ రైలు ఎక్కి దబీర్‌పురాలో దిగాను. దిగీ దిగగానే చెప్పు తెగింది. ఒక చేతిలో పెట్టె, ఒక చేతిలో చెప్పు పట్టుకుని కుంటుతుంటే స్టేషన్ బయట చెప్పులు కుట్టే ఆయన తనే పిలిచాడు.

“ఇట్ల రాండ్రి అమ్మా. ఏడికెళ్ళి వస్తున్రు?”

“అనకాపల్లి.”

“బెల్లం ఊరు గదా. మా అల్లుడు లారీ నడుపుతడు, అటే తిరుగుతడు.”

రెండు చెప్పులూ కుట్టాడు. తెగనిది ఎందుకు కుడుతున్నావంటే, “రేపు అది తెగుతది, గప్పుడు నన్ను యాడ దేవులాడ్తరు?” అన్నాడు. పది రూపాయలు తీసుకున్నాడు. ఇరవై ఇవ్వబోతే అసలు చెయ్యి చాపలేదు. మా ఊళ్ళో ఇదే పనికి ముప్ఫై అడిగి, పైగా కొత్తవి కొనుక్కోవచ్చు కదా అని సలహా ఇస్తారు. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు.

దేవిడీలో ఒక ఏడాది

దేవిడీ అంటే నవాబుల కాలం నాటి పెద్ద ఇల్లు. మధ్యలో ఎండిన నీళ్ళ హౌజు, చుట్టూ వరండాలు, పైన నాకొక గది. మాధవి ముప్ఫై ఏళ్ళ పిల్ల, జుట్టుని పెన్సిలుతో ముడేసుకుని మేకులు కొట్టిస్తోంది. నన్ను చూసి కాళ్ళకి దండం పెట్టబోయింది. చేతిలో సుత్తి ఉంది, ముందది కింద పెట్టమ్మా అన్నాను.

గోడల మీద నా ఇరవై రెండో ఏడు వేలాడుతోంది. సినిమా హోర్డింగుల వాళ్ళు గళ్ళు గీసుకుని వేసిన చిన్న నమూనాలు. దుకాణాల రేకు బోర్డుల మీద మూడు భాషల్లో రాసిన అక్షరాలు. మా క్లాసు పిల్లలు స్టేషన్లో కూర్చుని గీసిన కూలీలు, కునికిపాట్లు పడే ప్రయాణికులు. అప్పట్లో మంచి క్యాన్వాసు కొనే స్తోమత మాకెవరికీ లేదు. మార్కీను గుడ్డకి వడ్రంగుల జిగురు పూసి, మీద తెల్లరంగు వేసి ఎండబెట్టుకునేవాళ్ళం. వానాకాలంలో అది ఎండేది కాదు, ఒకటే కంపు. మా హాస్టలు గది దరిదాపులకి ఎవరూ వచ్చేవారు కాదు. ఎవరి బొమ్మకి పతకం వచ్చినా మిగతావాళ్ళు నెలరోజులు మాట్లాడేవాళ్ళు కాదు, ఆ తర్వాత వాళ్ళ దగ్గరే రంగు ట్యూబులు అప్పడిగేవాళ్ళు. అవన్నీ చూస్తుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. చిత్తు కాగితాలనుకున్నవాటిని ఈ పిల్ల ఎక్కడెక్కడో అటకల మీంచి ఏరుకొచ్చి అద్దాలు కట్టించింది.

‘లోచూపు’ నట్టింట్లో, గుమ్మంలోంచి వస్తే ఎదురుగా కనబడే గోడకి ఉంది. ఆహ్వానపత్రం మీద కూడా ఆ రెండు కళ్ళే అచ్చేశారు. నల్లగా, లోతుగా, ఎవర్నీ చూడని కళ్ళు. ఆనాడు న్యాయనిర్ణేతల్లో ఒకాయన, ఈ కళ్ళు బయటికి కాదు లోపలికి చూస్తున్నాయి అన్నాడు. నేను బొమ్మకి పెట్టుకున్న పేరు ‘ధూల్‌పేట్ పెద్దమ్మ’. ఆయన మాట విన్నాక ‘లోచూపు’ అని మార్చేశాను. అంత తెలివి ఉండేది నాకు.

గుడిమల్కాపూర్ మీదుగా

మర్నాడు పొద్దున్నే యూసుఫ్ భాయ్ ఆటో మాట్లాడింది మాధవి. ఆయన గడ్డం నెరిసిన పెద్దమనిషి, తెలుగూ ఉర్దూ కలిపి ఆపకుండా మాట్లాడతాడు. ధూల్‌పేట్ వెళ్ళాలన్నాను. ఇన్నేళ్ళ తర్వాత వట్టి చేతులతో ఏం వెళ్తానని, ముందు పూలు దొరికేచోటికి తీసుకెళ్ళమన్నాను. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి తోలాడు.

మా వైపు పూలు మూర లెక్క. ఇక్కడ చామంతులు గోతాల్లో పోసి కిలోల్లో తూస్తున్నారు. ఒక్క మూర మల్లెలు కావాలంటే అక్కడి ఆమె నన్ను ఎగాదిగా చూసి, “ఏందమ్మా, పిల్లి పెండ్లికా?” అంది. మొహమాటానికి పోయి అరకిలో చామంతులు, నాలుగు మూరల మల్లెలు కొన్నాను. బయటికొచ్చేసరికి వాన అందుకుంది. ఆటోకి ఒకవైపు పరదా లేదు. పూలు తడవకూడదని యూసుఫ్ భాయ్ తన తువ్వాలు కప్పాడు, నన్ను మాత్రం తడవనిచ్చాడు.

“ఫికర్ మత్ కరో అమ్మా. మీరు ఆర్తరు, పూలు ఆరవు,” అన్నాడు.

ధూల్‌పేట్

చవితికి ఇంకా మూడు వారాలుంది. సందులన్నీ విగ్రహాలే. నీలం పరదాల కింద, ఇళ్ళ అరుగుల మీద, కొన్ని నడిరోడ్డు మీద కూడా. ఇప్పుడు రంగులు మిషనుతో చిమ్ముతున్నారు, బర్రుమని ఒకటే చప్పుడు. నాకు తెలిసిన ధూల్‌పేట్‌లో ఎంత పెద్ద విగ్రహానికైనా రంగు కుంచెతోనే వేసేవారు.

ఒక పరదా కింద ఆగి, సత్తెమ్మగారని, మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాళ్ళు, అని అడిగాను. రంగులు కలుపుతున్నాయన తల కూడా ఎత్తలేదు.

“ఏ సత్తెమ్మ? కండ్ల సత్తెమ్మనా? గా మలుపు కాడ రెండో గుడారం.”

బతికే ఉంది. అరకిలో చామంతులు గుండెకి హత్తుకుని మలుపు తిరిగాను.

ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలామె కూర్చుని, నా అంత ఎత్తున్న విగ్రహానికి కనుబొమ్మ తీరుస్తోంది. కుడి మణికట్టు కింద ఎడమచెయ్యి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి. ఆ పని తీరు చూసి గుర్తుపట్టాను గానీ, మొహం చూసి కాదు. కనుబొమ్మ పూర్తయ్యేదాకా నిలబడ్డాను. ఆమె కుంచె దించి నన్ను చూసింది, చాలాసేపు చూసింది.

“నువ్వు అనకాపల్లి పిల్లవు గదా,” అంది.

అవునక్కా అని ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. కోడల్ని పిలిచి పీట వేయించింది, పూలు తీసుకుని, “గిన్ని ఎందుకు తెచ్చినవ్, పెండ్లా ఏంది?” అంది. ఈ ఊళ్ళో పూలు నాకు అచ్చిరాలేదు.

మీకు కొంచెం వెనక్కి చెప్పాలి. ఆ ఏడాది మా మాస్టారు, పనిచేసే మనుషుల్ని గీసుకు రమ్మన్నారు. గీసే అట్ట, కాగితాలు పట్టుకుని ధూల్‌పేట్ వస్తే, అడ్డం వస్తున్నావని అందరూ తరిమారు. సత్తెమ్మ అత్తగారు బాలమ్మ ఒక్కామె గోనెసంచి వేసి కూర్చోమంది. మట్టి పిసికే పెద్దమనిషి, నేను పెద్దమ్మా అనేదాన్ని. మధ్యాహ్నం జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టేది. వరి అన్నం తప్ప ఎరగని దాన్ని, రొట్టె తినడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మూడు నెలలు ఆమెనే కూర్చోబెట్టి బొమ్మ వేశాను, అక్కడే. కళ్ళు మాత్రం కుదరలేదు. వేసి తుడిచి, వేసి తుడిచి, పోటీకి ఇచ్చే రోజు దగ్గరికొచ్చేసింది. ముందురోజు సాయంత్రం కూర్చుని ఏడుస్తుంటే సత్తెమ్మ నా చేతిలోంచి కుంచె లాక్కుని, “జరుగు, నేను పెడ్త,” అంది. పావుగంటలో రెండు కళ్ళూ వేసేసింది. రాత్రికి బొమ్మని అక్కడే వదిలి, పొద్దున్నే రిక్షా తెచ్చుకుని పట్టుకెళ్ళిపోయాను. పతకం వచ్చాక చెప్పుకోడానికి రావాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఊరే విడిచి వెళ్ళిపోయాను.

పీట మీద కూర్చుని ఇదంతా ఒప్పుకున్నాను. పేరు రాయించడానికి వచ్చానని చెప్పాను.

“పేరుదేముంది, రాస్కోర్రి,” అంది సత్తెమ్మ. “బొమ్మకు సుక్కలు పెట్టినవా లేదా, గది చెప్పు ముందు.”

“ఏం చుక్కలక్కా?”

ఆమె జవాబివ్వబోతుండగా కూకట్‌పల్లి నుంచి కాలనీవాళ్ళు నలుగురు, ముందే చెప్పుకున్న విగ్రహం కోసం వచ్చారు. సత్తెమ్మ లేచి వాళ్ళని విగ్రహానికి ఎదురుగా వరసగా నిలబెట్టింది. అప్పుడు చూశాను. వినాయకుడికి కళ్ళున్నాయి, నల్లటి పాపలున్నాయి, చూపు లేదు. సత్తెమ్మ సన్నటి కుంచెని తెల్లరంగులో ముంచి ఒక్కో పాపలో ఒక్కో చుక్క పెట్టింది, ఆవగింజంత. అంతే. వరసలో చివరాయన ఉలిక్కిపడి చేతులు జోడించాడు.

వాళ్ళు వెళ్ళాక నాకు చెప్పింది.

“మా ఇంట్ల రివాజు ఇది. పాప నల్లగ పెట్టి ఇడిసిపెడ్తం. తీస్కపోయేటోళ్ళు వచ్చి ముంగట నిలబడ్డంక గప్పుడు తెల్ల సుక్క. ఫస్టు సూపు ఆళ్ళ మీదనే పడాలె. లేకుంటే దేవుడు ఊకె గోడను జూస్కుంట కూసుంటడా?”

“మరి పెద్దమ్మ బొమ్మకి…”

“నువ్వు పొద్దుగాల వస్తవు, నిలబెట్టి సుక్క పెడ్దాం అనుకున్న. నల్లా కాడ నీళ్ళు పట్కొని వచ్చేసరికి నువ్వూ లేవు, బొమ్మా లేదు. సుక్క పెట్టలే బిడ్డా, ఆగు అని మా అత్త అన్నదంట. నువ్వు తలకాయ ఊపి రిక్ష ఎక్కినవంట.”

నిజమే. పెద్దమ్మ రిక్షా పట్టుకుని ఏదో అంది. ఆలస్యమవుతోందన్న కంగారులో నేను వినిపించుకోలేదు.

“సచ్చేదాంక అడిగింది,” అంది సత్తెమ్మ. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. “పండుగ వచ్చినప్పుడల్ల అడిగేది. గా పిల్ల మల్ల వచ్చిందా, నా బొమ్మకు కండ్లు తెరిసిన్రా అని. వస్తది తియ్యత్తా అనుకుంట నేను గడిపిన. నాకు పేరు వద్దు, ఏం వద్దు. ఒక్కపారి సుక్క పెట్టనియ్యి.”

న్యాయనిర్ణేతలు మెచ్చిన లోచూపు, పతకం, నా ఉద్యోగం, నా బతుకు మొత్తం, పూర్తికాని కళ్ళ వల్ల వచ్చాయి. నేను వెంటనే సరే అనాల్సింది. రేపు చెప్తానక్కా అన్నాను. ఇంత సిగ్గుమాలిన మాట ఎలా వచ్చిందో నా నోటికి. ఆమె సరే బిడ్డా అని, కోడలి చేత రొట్టెలు కాల్పించి పెట్టింది. తిని వచ్చాను.

ఖిచిడీ, ఖట్టా

సాయంత్రం మాధవికి అంతా చెప్పాను. ఆ పిల్ల మెట్ల మీద కూలబడింది.

“మేడమ్, సత్తెమ్మగారి పేరు తప్పకుండా రాద్దాం. కథ మొత్తం రాద్దాం. కానీ చుక్కలు… అందరూ ఈ చూపు కోసమే వస్తారు. ఒక్కసారి పెడితే మళ్ళీ తియ్యలేం.”

“తెలుసమ్మా.”

“బొమ్మ మీది. మీరెలా అంటే అలా. నా భయం నేను చెప్పాను.”

పిల్ల తప్పేమీ లేదు, ఆ భయం నాకూ ఉంది. ఆ చూపు పోతే అది ఒక కాలేజీ పిల్ల వేసిన మామూలు ముసలమ్మ బొమ్మ. నేను చేసింది అదొక్కటే, అదీ మిగలదు.

పొద్దున్నే యూసుఫ్ భాయ్ వచ్చి, ఖాళీ కడుపుతో ఆలోచన సాగదంటూ హోటల్‌కి తీసుకెళ్ళాడు. ఇక్కడ పొద్దున టిఫిను ఖిచిడీ. పెసరపప్పో కందిపప్పో అనుకుంటే ఎర్రపప్పు అన్నారు. పక్కన ఖట్టా, అంటే నువ్వులూ చింతపండూ కలిపిన పులుసు. తెల్లారి ఎనిమిదింటికి పప్పన్నం తిన్నానంటే మా ఆయన ఇప్పటికీ నమ్మడం లేదు. కమ్మగా ఉంది, రెండోసారి పెట్టించుకున్నాను. తింటూ యూసుఫ్ భాయ్‌కి కూడా చెప్పాను, ఆయన వద్దన్నా చెప్పేదాన్నే.

ఆయన చాయ్ సాసర్లో పోసుకుంటూ విన్నాడు. “బొమ్మ మీరు మూడు నెలలు చేసిన్రు కదా?”

“అవును.”

“ఆ అమ్మ మూడు నెలలు కూసున్నది కదా?”

ఆయన చాయ్ ముగించి, ఆటో తీసి ధూల్‌పేట్ వైపు తిప్పాడు. నేను ఎక్కడికని చెప్పలేదు. ఆ పెద్దమనిషికి నేను ఎంత రుణపడి ఉన్నానో ఆయనకి తెలియదు.

మళ్ళీ దేవిడీకి

సత్తెమ్మ నీలంచీర కట్టుకుని, తన కుంచె ఒకటి గుడ్డలో చుట్టుకుని, కోడలితో సహా తయారుగానే ఉంది. నేను వస్తానని ఎలా తెలుసని అడిగితే, “రాకుంటే నేనే వద్దామనుకున్న, అడ్రసు మా కోడలు రాసిపెట్టుకున్నది,” అంది.

మాధవి పనివాళ్ళని బయటికి పంపి హాలు ఖాళీ చేయించింది. స్టూలు తెచ్చి గట్టిగా ఉందో లేదో తనే ఎక్కి చూసింది. తెల్లరంగు ట్యూబు మూత నేను తీశాను. సత్తెమ్మ బొమ్మ ముందు నిలబడి తన అత్తగార్ని కాసేపు చూసింది.

“ముక్కు మంచిగ దించినవ్,” అంది. “చెవికమ్మలు మర్సిపోయినవ్.”

నిజమే, పెద్దమ్మకి ఇత్తడి కమ్మలుండేవి. పతకం ఇచ్చినవాళ్ళకి అది తెలియదు.

ఆమె స్టూలెక్కింది. మాధవి ఒక పక్క, కోడలు ఒక పక్క పట్టుకున్నారు. సత్తెమ్మ వెనక్కి తిరిగి నన్ను కేకేసింది. “గక్కడ కాదు. ముంగట నిలబడు. నడుమల.”

నడిమధ్యకి వచ్చి నిలబడ్డాను. ఆమె కుడి మణికట్టు కింద ఎడమచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టింది. ఎడమకంట్లో ఒక చుక్క. కుడికంట్లో ఒక చుక్క. తర్వాత తన తలని పక్కకి జరిపి దారి ఇచ్చింది.

“అత్తా,” అంది బొమ్మతో, “తీస్కపోయే మనిషి వచ్చింది. సూడు.”

బొమ్మ బాగుపడిందో పాడైందో ఆ క్షణాన నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. మాధవి ఏడుస్తోంది, అది ఏ ఏడుపో అడగలేదు. గోడ మీంచి బాలమ్మ పెద్దమ్మ సూటిగా నన్నే చూస్తోంది. లోచూపు లేదు, గీచూపు లేదు. రిక్షా పట్టుకుని నిలబడిన మనిషి, నా జవాబు కోసం చూస్తున్న చూపు.

“ఆలస్యమైంది పెద్దమ్మా,” అన్నాను.